ఓడలకు కంట్రోల్ సిద్ధాంతం: అనంతపురం విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, కర్నూలు, కడప కాలేజీల ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ విద్యార్థులు ఏటా ప్రాజెక్టుల కాలం రాగానే ఓడల ఆటోపైలట్ (మనిషి చక్రం పట్టకుండానే ఓడను అనుకున్న దిశలో నిలిపే యంత్రం) మీద అవే సందేహాలు పట్టుకొస్తారు. బోర్డు మీద మళ్లీ మళ్లీ అదే బొమ్మ గీయడం కంటే ఒకసారి రాసిపెట్టడం మేలనిపించింది. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. లెక్కల్లో వచ్చే ఓడ ఊహాత్మకమే గానీ, అంకెలు వాస్తవానికి దూరమైనవి కావు.

## మొదలుపెట్టే ముందు

అనంతపురంలో సముద్రమే లేదు. ఈ ప్రాజెక్టు ఇక్కడ చేస్తే ఎవరైనా నవ్వరా?

నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. ఆటోపైలట్ పనిలో ఎక్కువ భాగం కాగితం మీద, కంప్యూటర్‌లో సాగేదే. మిగిలినదానికి నిండిన చెరువు ఒకటి చాలు. వానలు బాగా పడిన ఏడాది బుక్కరాయసముద్రం చెరువు గానీ, శింగనమల చెరువు గానీ మీటరు పొడవున్న మోడల్ పడవకు కావలసినంత విశాలం. అసలు ఇబ్బంది ఎండాకాలంతో వస్తుంది. ప్రాజెక్టు రిపోర్టు ఏప్రిల్‌లో అడుగుతారు, అప్పటికి నీళ్లు గట్టుకు దూరంగా పోయి బురద మిగులుతుంది. నీటి పరీక్షలు సంక్రాంతి లోపే ముగించుకోండి. చెరువు అధికారుల అనుమతి, నీళ్లలోకి దిగేవాళ్లకు లైఫ్ జాకెట్ తప్పనిసరి.

కంట్రోల్ సిస్టమ్స్ పేపర్ పాసయ్యాను. 'ఆధునిక' కంట్రోల్ అంటే కొత్తగా ఏమిటి?

ఆధునికం అన్న పేరే గానీ, దాని వయసు అరవై దాటింది. పేపర్‌లో మీరు చదివింది ఒక ఇన్‌పుట్, ఒక అవుట్‌పుట్ ఉన్న వ్యవస్థ: ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్, బోడె ప్లాట్, రూట్ లోకస్. ఆధునిక పద్ధతిలో వ్యవస్థ లోపలి స్థితినంతా ఒక వెక్టరుగా రాస్తారు. ఓడ విషయంలో దిశ, తిరిగే వేగం, పక్కకు జరిగే వేగం అన్నీ అందులో ఉంటాయి. ఏది కొలవగలం, కొలవలేనిదాన్ని ఎలా అంచనా వేయాలి, ఏ ఖర్చును కనిష్ఠం చేయాలి అన్నవి ఇక్కడి ప్రశ్నలు. 1950లలో బెల్‌మన్, పోంట్రియాగిన్ ఆప్టిమల్ కంట్రోల్‌కు దారి వేశారు. కచ్చితం కాని కొలతల నుంచి లోపలి స్థితిని అంచనా వేసే కాల్మన్ ఫిల్టర్ 1960లో వచ్చింది. స్థిరత్వానికి నేటికీ వాడే లియాపునోవ్ సిద్ధాంతం 1892 నాటిది.

ఓడకు ఆటోపైలట్ ఆలోచన ఎవరిది?

ముందు నమ్మదగిన దిక్సూచి కావలసివచ్చింది. ఇనుప ఓడలో అయస్కాంత సూచి తికమక పడుతుంది. 1908లో జర్మనీలో అన్‌షూట్జ్, 1911లో అమెరికాలో స్పెర్రీ గైరో కంపాస్‌ను (అయస్కాంతం లేకుండా, గిర్రున తిరిగే చక్రంతో ఉత్తరం చూపే దిక్సూచి) ఓడ ఎక్కించారు. 1920లలో స్పెర్రీ తయారుచేసిన ఆటోపైలట్‌కు నావికులు 'మెటల్ మైక్' అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

సిద్ధాంతం మాత్రం నికొలస్ మినోర్‌స్కీది. చుక్కాని చక్రం దగ్గర నిలబడ్డ నావికుడు ఏం చేస్తాడో ఆయన గమనించాడు. అనుభవం ఉన్నవాడు ఓడ ఎంత తప్పిందో ఒక్కటే చూడడు. ఎంత వేగంగా తప్పుతోందో చూసి ముందే చుక్కాని వెనక్కి తెస్తాడు, చాలాసేపు ఒకే పక్కకు లాగుతుంటే కొంత చుక్కాని అలాగే పట్టి ఉంచుతాడు. ఈ మూడు అలవాట్లను 1922లో సమీకరణంగా రాశాడు. 1923లో న్యూ మెక్సికో అనే అమెరికన్ యుద్ధనౌక మీద పరీక్షించారు. మీరు పీఐడీ అంటున్నది అదే: ఎంత తప్పిందో చూసేది పీ, చాలాసేపటి తప్పును పోగుచేసేది ఐ, ఎంత వేగంగా తప్పుతోందో చూసేది డీ.

## ఓడను లెక్కలో పెట్టేటప్పుడు

ఓడకు ఆరు కదలికలు ఉంటాయి కదా. ఆరూ రాయాలా?

అక్కర్లేదు. ముందుకూ వెనక్కూ, పక్కలకు, పైకీ కిందికీ జరగడం మూడు. పక్కకు ఒరగడం, ముక్కు ఎత్తి దించడం, దిశ తిరగడం మరో మూడు. దిశ నిలిపే ఆటోపైలట్‌కు పక్క కదలిక, దిశ తిరగడం చాలు. ఓడను ఒకచోట నిలపాలంటే నీటి మట్టంలో జరిగే మూడూ కావాలి. ఒరుగుదల తగ్గించే రెక్కల ప్రాజెక్టయితేనే ఒరగడం గురించి రాయండి. అవసరం లేని సమీకరణం పెట్టిన రిపోర్టుకు పేజీలు పెరుగుతాయి, అంతే.

నోమోటో మోడల్ అంటే ఏమిటి? అందులో కే, టీ విలువలు ఎక్కడ దొరుకుతాయి?

జపాన్‌కు చెందిన కెన్సాకు నోమోటో 1957లో ఇచ్చిన మోడల్ ఇది. తిరిగే వేగం మారే రేటును టీతో గుణించి, దానికి తిరిగే వేగాన్ని కలిపితే, చుక్కాని కోణాన్ని కేతో గుణించినంత అవుతుంది. అంత పెద్ద ఓడ రెండు అంకెల్లో ఇమిడిపోయింది.

కే సెకనుకు 0.05, టీ 20 సెకన్లు అనుకుందాం. చుక్కాని 10 డిగ్రీలు తిప్పి వదిలేస్తే ఓడ చివరికి సెకనుకు అర డిగ్రీ చొప్పున తిరుగుతుంది. ఆ వేగంలో 63 శాతం అందుకోవడానికి 20 సెకన్లు పడుతుంది. విలువలు పుస్తకంలో వెతక్కండి, పరీక్ష చేసి తీయండి. చుక్కాని ఒక్కసారిగా తిప్పి దిశను రికార్డు చేయడం తేలిక మార్గం. ఓడలవాళ్లు చేసేది జిగ్‌జాగ్ పరీక్ష: 10 డిగ్రీలు కుడికి తిప్పి, దిశ 10 డిగ్రీలు మారగానే అంతే ఎడమకు తిప్పి, ఓడ ఎంత దాటిపోయిందో చూస్తారు.

ఓడ వేగం సగమైతే అవే గెయిన్లు పనిచేస్తాయా?

సరిగ్గా పనిచేయవు. గెయిన్ అంటే తప్పును ఎంత చుక్కానిగా మార్చాలో చెప్పే గుణకం. చుక్కాని మీద నీటి బలం వేగం వర్గంతో మారుతుంది. అదే ఓడకు వేగం సగమైతే కే సగమవుతుంది, టీ రెట్టింపవుతుంది. అదే చుక్కానికి ఓడ సగం వేగంతో తిరుగుతుంది, ముందుకు కూడా సగం వేగంతోనే పోతుంది. అందువల్ల మలుపు వ్యాసార్థం మాత్రం దాదాపు మారదు. అందుకే ఆటోపైలట్‌కు వేగం కొలత కూడా ఇచ్చి, దాన్నిబట్టి గెయిన్లు మార్చుకునేలా చేస్తారు.

చుక్కాని కుడికి తిప్పితే ఓడ మొదట ఎడమకు జరుగుతుందట, నిజమేనా?

నిజమే. చుక్కాని ఉండేది వెనుక కొసన. ఓడను కుడికి తిప్పడానికి అది వెనుక భాగాన్ని ఎడమకు నెడుతుంది. ముక్కు తిరిగి కొత్త దారి పట్టేలోపు ఓడ మొత్తంగా కొంచెం ఎడమకు జరుగుతుంది. లెక్కలో ఇది కుడి సగతలంలో పడ్డ జీరో. దిశ ఒక్కటే చూసే ఆటోపైలట్‌కు ఇది కనబడదు. దారి గీత మీద నడిపే కంట్రోలర్‌లో గెయిన్ ఎడాపెడా పెంచితే మాత్రం వెంటనే బయటపడుతుంది.

కొన్ని పెద్ద ట్యాంకర్లు అస్థిరమట. మరి ఎలా నడుస్తున్నాయి?

ఫీడ్‌బ్యాక్, అంటే ఫలితాన్ని చూసి వెంటనే సరిదిద్దడం, ఉంది గనుక నడుస్తున్నాయి. పొడవుతో పోలిస్తే వెడల్పు ఎక్కువై, ముక్కు మొద్దుగా ఉన్న ఓడల్లో కొన్ని చుక్కాని నడిమిన పెట్టినా తిన్నగా పోవు. మెల్లగా ఏదో ఒక పక్కకు తిరగడం మొదలుపెట్టి, ఒక వేగం దగ్గర స్థిరపడతాయి. నోమోటో మోడల్‌లో టీ రుణాత్మకం అవుతుంది. అలాంటి ఓడను మనిషైనా, యంత్రమైనా ఎప్పటికప్పుడు సరిదిద్దుతూ ఉండాలి.

## కంట్రోలర్ కట్టేటప్పుడు

పీఐడీ గెయిన్లు ట్రయల్ అండ్ ఎర్రర్ పద్ధతిలో పెట్టవచ్చా?

పెట్టవచ్చు, కానీ వైవాలో 'ఎందుకింత?' అని అడిగితే నోరు పెగలదు. లెక్క నాలుగు వరుసలే. కే 0.05, టీ 20 అనుకోండి. పీ గెయిన్ 1 పెడితే సహజ పౌనఃపున్యం వర్గం 0.05ను 20తో భాగించినంత, అంటే 0.0025. వర్గమూలం సెకనుకు 0.05 రేడియన్లు. ఒక ఊగు దాదాపు రెండు నిమిషాలు. డీ లేకుండా డ్యాంపింగ్ నిష్పత్తి (ఊగు ఎంత బాగా అణగుతుందో చెప్పే అంకె) 0.5 వస్తుంది, ఓడ దిశ దాటి వెనక్కి వస్తుంది. 0.9 కావాలంటే డీ గెయిన్ 16 సెకన్లు పెట్టాలి. ఇక్కడి నుంచి మొదలుపెట్టి, సిమ్యులేషన్‌లో కొద్దిగా సవరించుకోండి.

అలల్లో చుక్కాని అదే పనిగా కొట్టుకుంటోంది. డీ గెయిన్ తగ్గిస్తే సరిపోతుందా?

సరిపోదు. ఓడల కంట్రోల్‌లో అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ముందు ఏం జరుగుతోందో అంకెల్లో చూడండి.

పది సెకన్లకొకటి చొప్పున వచ్చే అలలు ఓడ దిశను అటొక డిగ్రీ, ఇటొక డిగ్రీ ఊపుతున్నాయనుకుందాం. అప్పుడు తిరిగే వేగం సెకనుకు 0.63 డిగ్రీల దాకా పోతుంది. డీ గెయిన్ 16 అయితే ఆటోపైలట్ చుక్కానిని అటు 10, ఇటు 10 డిగ్రీలు కొట్టమంటుంది. అంత పని చేసినందుకు ఫలితం? కే 0.05, టీ 20 ఉన్న ఓడ ఆ పౌనఃపున్యం దగ్గర చుక్కానికి దాదాపు స్పందించదు. పది డిగ్రీల ఊపుకు దిశలో వచ్చే మార్పు 0.06 డిగ్రీ. ఒక డిగ్రీ ఊగును అందులో పదహారో వంతు బలంతో ఆపబోయామన్నమాట.

పైగా స్టీరింగ్ గేర్ అంత వేగంగా కదలలేదు. ఓడల భద్రతకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ నియమం ప్రకారం పూర్తి వేగంలో చుక్కాని ఒక పక్క 35 డిగ్రీల నుంచి రెండో పక్క 30 డిగ్రీలకు 28 సెకన్లలో చేరాలి. అంటే సెకనుకు 2.3 డిగ్రీలు. మన ఆటోపైలట్ అడుగుతున్నది సెకనుకు 6 డిగ్రీలకు పైన. చుక్కాని ఆజ్ఞ వెనుక ఈడ్చుకుంటూ పోతుంది. ఆ ఆలస్యం వల్ల అసలు దిశ నియంత్రణే దెబ్బతినవచ్చు. పంపులు అరుగుతాయి, వంగిన చుక్కాని నీటికి అడ్డుపడి ఇంధనం తాగుతుంది.

డీ తగ్గిస్తే చుక్కాని శాంతిస్తుంది గానీ డ్యాంపింగ్ పోతుంది. చేయవలసింది వేరు: అలల వల్ల వచ్చే ఊగును కొలత నుంచి వేరుచేసి, దాన్ని వదిలేయాలి. ఆ ఊగు అల దాటగానే దానంతట అదే తిరిగివస్తుంది. గాలి, ప్రవాహం మెల్లగా నెట్టే భాగానికి మాత్రమే చుక్కాని వాడాలి. పాత యంత్రాల్లో ఇందుకు డెడ్ బ్యాండ్ పెట్టేవారు. రెండు డిగ్రీల లోపు తప్పును పట్టించుకోకు అన్నట్టు. అయితే ఓడ ఆ రెండు డిగ్రీల మధ్య పాములా మెలికలు తిరిగేది. అల పౌనఃపున్యం దగ్గరి ఊగును మాత్రమే కోసేసే నాచ్ ఫిల్టర్ దానికంటే నయం, అల మోడల్ ఉన్న కాల్మన్ ఫిల్టర్ ఇంకా నయం.

కాల్మన్ ఫిల్టర్ అలను, ఓడ కదలికను ఎలా వేరుచేస్తుంది? కొలిచేది ఒక్క దిశే కదా?

కొలత ఒక్కటే, కానీ మనకు రెండు మోడళ్లు తెలుసు. ఓడ నిమిషాల మీద కదులుతుంది. అల పది సెకన్ల చుట్టూ ఊగుతుంది. మామూలుగా ఐదు స్థితులు రాస్తారు: ఓడ అసలు దిశ, తిరిగే వేగం, గాలి నెట్టుడుకు సమానమైన చుక్కాని పక్షపాతం, అల ఊగుకు రెండు. గైరో చదివిన దిశ వీటిలో మొదటిదానికీ, అల వాటాకూ మొత్తం. ఫిల్టర్ ప్రతి కొలతనూ తన అంచనాతో పోల్చి, తేడాను ఈ ఐదింటికీ పంచుతుంది. కంట్రోలర్‌కు మొదటి మూడు ఇచ్చి, అల వాటాను పక్కన పెడతాం.

ఒక చిక్కు ఉంది. అలలు వెనుక నుంచి తరుముతూ వస్తే ఓడకు అవి నెమ్మదిగా తగులుతాయి. ఆ పౌనఃపున్యం ఓడ సొంత పౌనఃపున్యం దాకా దిగవచ్చు. అప్పుడు ఏ ఫిల్టరూ రెండింటినీ తేటగా విడదీయలేదు. సిమ్యులేషన్‌లో ఎదురు అలలు మాత్రమే చూపించి 'బ్రహ్మాండంగా పనిచేసింది' అని రాయకండి. వెనుక అలలతోనూ నడిపి, ఎక్కడ తడబడిందో చూపించండి.

ఐ భాగం ఎందుకు? అది పెట్టగానే మలుపుల్లో ఓడ దాటిపోతోంది.

పక్కగాలి ఆగకుండా వీస్తుంటే ఓడ తిన్నగా పోవడానికి, ఉదాహరణకు 3 డిగ్రీల చుక్కాని ఎప్పుడూ పట్టి ఉంచాలి. రామగిరి గాలిమరల దారిలో ఎదురుగాలి పక్కకు మళ్లినప్పుడు లారీ డ్రైవర్ స్టీరింగ్‌ను కొంచెం వాల్చి పట్టుకున్నట్టే. పీ గెయిన్ 1 మాత్రమే ఉంటే ఆ 3 డిగ్రీల చుక్కాని పుట్టడానికి దిశ 3 డిగ్రీలు తప్పి ఉండాలి. ఆ తప్పును ఐ భాగం తుడిచేస్తుంది.

మలుపులో దాటిపోవడానికి కారణం అదే ఐ భాగం. 60 డిగ్రీలు తిరగమని ఒక్కసారిగా చెప్పారు. తిరుగుతున్నంతసేపూ పెద్ద తప్పు పోగుపడుతుంది. చుక్కాని పరిమితికి తగిలినా పోగు ఆగదు. రెండు మందులున్నాయి: చుక్కాని పరిమితిని తాకగానే పోగు ఆపడం; 60 డిగ్రీలు ఒక్కసారిగా కాక, ఓడ తిరగగలిగే తీరులో మెల్లగా మారే లక్ష్యాన్ని ఇవ్వడం. రెండూ పెట్టండి.

ఉత్తరం దాటేటప్పుడు పడవ గిర్రున ఒక చుట్టు తిరుగుతోంది. ఏమిటీ దెయ్యం?

దెయ్యం కోడ్‌లో ఉంది. లక్ష్యం 1 డిగ్రీ, దిశ 359 అయితే తప్పు 2 డిగ్రీలు, మీ ప్రోగ్రాం 358 అనుకుంటోంది. తీసివేత తర్వాత ఫలితాన్ని మైనస్ 180, ప్లస్ 180 మధ్యకు తెచ్చే ఒక్క వరుస కలపండి. కాల్మన్ ఫిల్టర్‌లో కొలతకూ అంచనాకూ తేడా తీసే చోట కూడా అదే వరుస ఉండాలి. అక్కడ మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

గైడ్ 'కొత్త పద్ధతి ఏదైనా పెట్టండి' అంటున్నారు. ఎల్‌క్యూఆర్, ఎంపీసీ, స్లైడింగ్ మోడ్, న్యూరల్ నెట్‌వర్క్... ఏది?

ముందు పీఐడీ సరిగ్గా కట్టండి, దాన్ని ఓడించగలిగినదే కొత్తది. ఎల్‌క్యూఆర్ ఓడకు సహజంగా అతుకుతుంది. దిశ తప్పు వర్గాన్నీ, చుక్కాని వాడకం వర్గాన్నీ కలిపి కనిష్ఠం చేయడం అంటే రెండూ ఓడ వేగాన్ని తినే తీరును లెక్కగట్టడమే. చుక్కాని 35 డిగ్రీలు, దాని వేగం సెకనుకు 2.3 డిగ్రీలు అన్న పరిమితులు ముందే తెలిసి, దారిలో అడ్డంకులు కూడా ఉంటే ఎంపీసీ, అంటే ముందు జరగబోయేదాన్ని మోడల్‌తో లెక్కగట్టి ఆ పరిమితుల లోపలే చుక్కానిని ఎంచుకునే పద్ధతి. సరుకు బరువు, లోతు మారుతూ ఉండే ఓడకు తన గెయిన్లను తానే సవరించుకునే అడాప్టివ్ పద్ధతి. 1970లలోనే స్వీడన్‌లో ఆస్ట్రోమ్ బృందం ట్యాంకర్ల మీద దాన్ని పరీక్షించింది. న్యూరల్ నెట్‌వర్క్ పెట్టాలనుకుంటే, స్థిరత్వం గురించి అడిగే ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకుని రండి.

## ఓడను ఒకచోట నిలపడం

లంగరు లేకుండా ఓడ నడి సముద్రంలో కదలకుండా ఎలా ఉంటుంది?

దీన్ని డైనమిక్ పొజిషనింగ్ అంటారు. వేల మీటర్ల లోతులో లంగరు వేయడం చాలా కష్టం, డ్రిల్లింగ్ గొట్టం మాత్రం విరగకూడదు. అందుకే ఉపగ్రహ స్థానం, సముద్రగర్భంలో పెట్టిన ధ్వని పరికరాలు, గైరో, గాలి కొలతలు కలిపి స్థానాన్ని అంచనా వేసి, చుట్టూ తిరగగలిగే ప్రొపెల్లర్లతో ఓడను పట్టి ఉంచుతారు. 1961లో కస్ 1 అనే ఓడలో నాలుగు ప్రొపెల్లర్లను మనుషులే తిప్పారు. అదే ఏడాది యురేకా అనే ఓడలో ఆ పని యంత్రానికి అప్పగించారు. 1970లలో నార్వేలో బాల్కెన్ బృందం కాల్మన్ ఫిల్టర్‌ను తెచ్చింది. అలతో పాటు ఓడ ఊగనివ్వాలి, మెల్లగా కొట్టుకుపోయే భాగాన్నే ఆపాలి అన్నది దాని సారం. మన దేశంలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాడే సాగర్ నిధి పరిశోధక నౌకకు ఈ ఏర్పాటు ఉంది.

డీపీ 1, 2, 3 అంటే ఏమిటి?

డైనమిక్ పొజిషనింగ్ (డీపీ) ఏర్పాటు లోపం తట్టుకునే స్థాయిలు. ఒకటో తరగతిలో ఒక్క లోపం వచ్చినా స్థానం తప్పవచ్చు. రెండులో జనరేటరో ప్రొపెల్లరో ఒకటి ఆగినా నిలవాలి. మూడులో ఒక గది మొత్తం నిప్పుకో నీటికో పోయినా నిలవాలి.

ఇంత సిద్ధాంతం ఉండి 2021లో ఎవర్ గివెన్ సూయజ్ కాలువలో ఎందుకు ఇరుక్కుంది?

కాలువలో ఓడను పైలట్ల సలహాతో మనుషులే నడుపుతారు. ఎవర్ గివెన్ 400 మీటర్ల కంటైనర్ ఓడ, పక్క నుంచి బలమైన గాలి, ఇరుకు దారి. గట్టుకు దగ్గరైతే ఓడకూ గట్టుకూ మధ్య నీరు వేగంగా పారి పీడనం తగ్గి, వెనుక భాగాన్ని గట్టు వైపు లాగుతుంది. నిస్సార లోతులో ఓడ స్వభావమే మారుతుంది. నడి సముద్రంలో తీసిన కే, టీ అక్కడ పనికిరావు. 2024 మార్చిలో అమెరికాలో బాల్టిమోర్ వంతెనను ఢీకొన్న డాలీ అనే ఓడది వేరే కథ: ఓడలో విద్యుత్తే పోయింది.

## చెరువులో పరీక్షించేటప్పుడు

మోడల్ పడవకు పెద్ద ఓడ గెయిన్లే పెట్టవచ్చా?

వద్దు. పొడవు వందో వంతయితే కాలం పదో వంతవుతుంది. ఫ్రౌడ్ నియమం ప్రకారం కాలం పొడవు వర్గమూలంతో మారుతుంది. పెద్ద ఓడలో టీ 20 సెకన్లయితే మోడల్‌లో 2 సెకన్లు. అందువల్ల పీ గెయిన్ అలాగే ఉండవచ్చు, డీ గెయిన్ 16కు బదులు 1.6 దగ్గర మొదలుపెట్టండి. శాంప్లింగ్ కూడా పదింతలు వేగంగా ఉండాలి.

ఎంపీయూ 6050 సెన్సర్ చిప్ ఒక్కటే ఉంది. దిశ మెల్లగా జారిపోతోంది.

జారక తప్పదు. అందులో గైరో, యాక్సిలరోమీటర్ ఉన్నాయి, దిక్సూచి లేదు. తిరిగే వేగం మాత్రమే కొలిస్తే మొదటి దిశ ఏమిటో ఏ ఫిల్టరూ చెప్పలేదు. పరీక్షలో అబ్జర్వబిలిటీ (కొలతల నుంచి లోపలి స్థితి మొత్తం తెలుస్తుందా అన్నది) ర్యాంకు కట్టారు కదా, ఆ ర్యాంకు తగ్గడం అంటే ఇదే. మాగ్నెటోమీటర్ కలపండి. దాన్ని మోటారు, బ్యాటరీ తీగలకు దూరంగా ఒక పుల్ల మీద ఎత్తుగా పెట్టండి. మోటారు ఆన్, ఆఫ్ చేసినప్పుడు దిశ అంకె దూకుతుంటే ఇంకా ఎత్తు కావాలి.

మాట్‌ల్యాబ్ లైసెన్సు లేదు. ఏం వాడాలి?

మాట్‌ల్యాబ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆక్టేవ్ గానీ, పైథాన్ గానీ చాలు. నార్వే ప్రొఫెసర్ థోర్ ఫోసెన్ ఓడల మోడళ్ల సిమ్యులేటర్‌ను పైథాన్‌లో ఉచితంగా పెట్టారు. ముందు నోమోటో మోడల్ సొంతంగా రాసి, తర్వాతే అందులోకి వెళ్లండి.

## చదువు, ఉద్యోగం

దీనితో రాయలసీమ నుంచి ఎక్కడికి వెళ్లవచ్చు?

గేట్‌లో 2022 నుంచి నావల్ ఆర్కిటెక్చర్, మెరైన్ ఇంజినీరింగ్ పేపర్ ఉంది. మద్రాస్, ఖరగ్‌పూర్ ఐఐటీల్లో సముద్ర ఇంజినీరింగ్ విభాగాలున్నాయి. విశాఖలో నౌకాదళ పరిశోధనకు ఎన్‌ఎస్‌టీఎల్, ఓడల నిర్మాణానికి హిందుస్థాన్ షిప్‌యార్డు ఉన్నాయి. ఓడ ఎక్కాలనుకునే ఎలక్ట్రికల్ పట్టభద్రులకు ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్ దారి ఉంది.

ఓడలో ఉద్యోగం ఇప్పిస్తామని కడపలో ఒక ఏజెంటు డబ్బు అడుగుతున్నాడు. నమ్మవచ్చా?

నావికుల నియామకానికి లైసెన్సు ఉన్న సంస్థల జాబితా డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ వెబ్‌సైటులో ఉంటుంది. అతని ఆర్‌పీఎస్‌ఎల్ (ఆ నియామక లైసెన్సు) నంబరు అడిగి అక్కడ సరిచూడండి. నంబరు చెప్పకుండా మాట మారిస్తే లేచి వచ్చేయండి. ఉద్యోగం కోసం నావికుడి దగ్గర నియామక రుసుము తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం.

ఓడ ఎక్కాక ఈ సిద్ధాంతం ఎక్కడైనా కనిపిస్తుందా?

బ్రిడ్జి మీద ఆటోపైలట్ ముందు నిలబడితే కనిపిస్తుంది. చాలా యంత్రాల్లో 'రడ్డర్' అన్న మీట పీ గెయిన్, 'కౌంటర్ రడ్డర్' డీ గెయిన్, 'వెదర్' అన్నది అలలను ఎంతమేర వదిలేయాలో చెప్పేది. సముద్రం రేగినప్పుడు కొత్తగా వచ్చిన అధికారి రడ్డర్ పెంచుతాడు. పాతవాడు వెదర్ పెంచి, చుక్కాని సూచిక కాసేపు చూస్తాడు. బయలుదేరే ముందు 12 గంటల లోపు స్టీరింగ్ గేర్‌ను పరీక్షించాలి, మూడు నెలలకొకసారైనా అత్యవసర స్టీరింగ్ డ్రిల్ జరపాలి. ఎలక్ట్రికల్ అధికారిగా వెళ్తే చుక్కాని అసలు కోణాన్ని చెప్పే ఫీడ్‌బ్యాక్ యూనిట్ మీ బాధ్యతల్లో ఉంటుంది. దాని లింకేజీ వదులైతే ఎంత మంచి ఆటోపైలట్ అయినా ఓడను మెలికలు తిప్పుతుంది, అందరూ ముందు సాఫ్ట్‌వేర్‌నే అనుమానిస్తారు.